పద్దెనిమిది మీటర్ల గీత కింద మన ఇళ్లు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మస్జిద్ కమిటీల ప్రతినిధులు, అద్దె ఇళ్ల నివాసులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మైనారిటీ హక్కుల వేదికలపై మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఉర్దూ గురించి, ఉపకార వేతనాల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమైనవే. ఈనాడు మాత్రం నేను మెట్లదారి గురించి మాట్లాడదలచాను. మనం నివసించే భవనంలో మెట్ల వెడల్పు ఎంత, మెట్ల కింద ఏమి నిల్వ ఉంచారు, మిద్దె తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నవి కూడా హక్కుల ప్రశ్నలే. రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కు మన ఇంటి గడప దగ్గర ఆగిపోయేది కాదు.

2023 నవంబరు 13న, దీపావళి మరునాటి ఉదయం, హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు తగలబడింది. నేల అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉంచారు. మంటలు అక్కడ పుట్టి పై అంతస్తులకు ఎగబాకాయి. కనీసం 9 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒకే ముస్లిం కుటుంబానికి చెందినవారు. స్త్రీలూ పసివారూ ఉన్నారు. ఇటువంటి ప్రమాదాల్లో మంట తాకకముందే పొగ ప్రాణం తీస్తుంది. మెట్లు పొగగొట్టంగా మారితే, పై అంతస్తులో ఉన్నవారికి దిగే దారీ ఉండదు, పీల్చే గాలీ ఉండదు.

2025 మే 18న, ఆదివారం తెల్లవారుతుండగా, చార్మినార్ సమీపాన గుల్జార్ హౌజ్ వద్ద మరొక ఘోరం జరిగింది. కింద దుకాణాలు, పైన కాపురం, రాకపోకలకు ఒకటే ఇరుకు దారి. 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. అది ఒక హిందూ వ్యాపార కుటుంబం. వారిని కాపాడడానికి ముందుగా పొగలోకి దూకినవారిలో ఆ చుట్టుపక్కల ముస్లిం యువకులు ఉన్నారు. అగ్నికి మతభేదం లేదు. దాన్ని ఎదిరించడంలోనూ ఉండరాదు.

ఈ రెండు సంఘటనల్లో మనం గుర్తుపెట్టుకోవలసిన పోలిక ఒకటి ఉంది. రెండింటిలోనూ కింద సరుకు, పైన సంసారం. జనగామ బజారులో, మహబూబాబాద్ స్టేషను పరిసరాల్లో, భూపాలపల్లి ప్రధాన రహదారి వెంట ఒకసారి తల ఎత్తి చూడండి. కింద పరుపుల దుకాణమో, వెల్డింగ్ షాపో, సోఫాల తయారీయో, టైర్ల గోదామో. పైన రెండు మూడు అంతస్తుల్లో కుటుంబాలు. ఈ అమరికను మనం ఎంతగా అలవాటు చేసుకున్నామంటే, అందులో ప్రమాదం ఉందని కూడా మరచిపోయాం.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టమే నేడు తెలంగాణలోనూ అమలులో ఉంది. దాని ప్రకారం 18 మీటర్లకు మించిన ఎత్తుగల నివాస భవనాలకు, 15 మీటర్లు, ఆపై ఎత్తుగల వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. జనం గుమిగూడే పాఠశాలలు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్లు, ప్రార్థనాలయాల వంటి వాటి విషయంలో, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా ఆ పత్రం కావాలి. నిర్మాణానికి ముందు నమూనా పరిశీలన, నిర్మాణం ముగిశాక స్వయంగా వచ్చి తనిఖీ, ఆ తరువాతనే నివాసానికి అనుమతి. ఇదీ పద్ధతి.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. అంటే ఆరు అంతస్తుల దాకా ఎదిగిన ఇల్లు కూడా ఈ గీత దాటదు. కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు కట్టి, సరిగ్గా 18 మీటర్ల లోపల ఆపివేయడం నిర్మాణదారులందరికీ తెలిసిన కిటుకు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 15 మీటర్లనే ఎత్తయిన భవనానికి కొలతగా చెబుతుంది. మన దగ్గర నివాసాలకు ఆ గీత మరో 3 మీటర్లు పైకి జరిగింది. మన మూడు పట్టణాల్లో అధికభాగం నివాస భవనాలు ఆ గీతకు కిందనే ఉన్నాయి. కనుక వాటి జీవితకాలంలో అగ్నిమాపక అధికారి తనిఖీ కోసం గడప తొక్కవలసిన సందర్భమే రాదు. ఆయన వచ్చేది నిప్పంటుకున్న తరువాతనే.

చిన్న కట్టడాల విషయంలో ఈ ఖాళీ ఇంకా పెద్దది. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు ఎత్తుగల ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణపైనే తక్షణ అనుమతి ఇస్తుంది. లంచాల బెడద తగ్గించడానికి అది మంచి చర్యే. కాని అనుమతి పత్రంలో పార్కింగుగా చూపిన చోట మూడేళ్ల తరువాత గోదాము వెలిస్తే, దాన్ని పట్టించుకునేది ఎవరు?

18 మీటర్ల గీత వెనుక ఒక తర్కం ఉన్నది. అంతకు మించిన ఎత్తుకు బయటినుండి నిచ్చెన వేయడం కష్టం. కాబట్టి భవనంలోపలే రక్షణ ఏర్పాట్లు ఉండాలి. అంతకు తక్కువైతే శకటం వచ్చి నిచ్చెన వేస్తుంది, లేదా మనుషులే దిగి వస్తారు. ఈ తర్కం విశాలమైన రోడ్లున్న కాలనీలకు సరిపోతుందేమో. ఆటో తిరగడమే కష్టమైన మన గల్లీల్లోకి అగ్నిమాపక శకటం ఎలా వస్తుంది? దొంగల భయంతో ప్రతి బాల్కనీకి ఇనుప జాలీ బిగించుకున్నాం. నిచ్చెన వేసినా బయటికి వచ్చేదెలా? మెట్ల కిందనే కరెంటు మీటర్లన్నీ, వాటి పక్కనే మోటారు సైకిళ్లు, కొన్నిచోట్ల గ్యాసు సిలిండర్లు. షార్ట్ సర్క్యూట్ పుట్టే చోటూ, తప్పించుకునే చోటూ ఒకటే అయింది. ఎత్తు తక్కువైనంత మాత్రాన ప్రమాదం తక్కువ కాదు.

దీనికి బ్యాటరీ వాహనాలు తోడైనాయి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పైన బసచేసిన వారిలో 8 మంది మరణించారు. రాత్రంతా మెట్ల కింద స్కూటర్లు ఛార్జింగుకు పెట్టే భవనాలు నేడు మన ఊళ్లలోనూ ఉన్నాయి.

ఇది అందరి సమస్య కదా, ముస్లింల సమస్య ఎలా అయింది అని మీరు అడగవచ్చు. అందరి సమస్యే. అయితే అందరిపై సమానంగా పడే సమస్య కాదు. ముస్లింలు ఒకే చోట, పౌరసౌకర్యాలు అందని ఇరుకు బస్తీల్లో గుమిగూడి బ్రతకవలసి వస్తున్నదని సచార్ కమిటీ 2006లోనే వివరించింది. కొత్త కాలనీలో ఇల్లు అద్దెకు అడిగితే పేరు వినగానే మొహం తిప్పుకునే యజమానులు ఉన్నంతకాలం, మనవాళ్లు పాత బజారులోని గోదాము పైభాగంలోనే సర్దుకుంటారు. దొరికిన ఇల్లు పోతుందన్న భయంతో, వేలాడే కరెంటు తీగ గురించి కూడా యజమానిని ప్రశ్నించరు. అద్దె వివక్ష అగ్నిప్రమాదంగా మారే దారి ఇదే.

లండనులోని గ్రెన్‌ఫెల్ టవర్ సంగతి మీలో కొందరు విని ఉంటారు. 2017 జూన్ 14, రంజాన్ మాసం. అర్ధరాత్రి దాటాక 24 అంతస్తుల నివాస భవనం మండింది. 72 మంది చనిపోయారు. వారిలో అనేకులు వలస కుటుంబాలవారు, ముస్లింలు. సహరీ కోసం మేలుకొని ఉన్న ఇరుగుపొరుగువారు తలుపులు తట్టి పలువురిని బయటికి తెచ్చారు. భవనం భద్రత గురించి నివాసులు అంతకుముందే మొరపెట్టుకున్నారు, వినవలసినవారు వినలేదు. ఆ మరణాలన్నీ నివారించదగినవేనని విచారణ సంఘం 2024లో తేల్చి చెప్పింది. సంపన్న దేశంలోనైనా పేదల ఫిర్యాదుకు బరువు తక్కువే అన్నది అక్కడి పాఠం.

ఇక్కడొక భయం గురించి దాచకుండా మాట్లాడాలి. తనిఖీ అనగానే మన బస్తీల్లో గుండె జారుతుంది. అధికారి వస్తే నోటీసు వస్తుందని, నోటీసు వెనుక బుల్డోజర్ వస్తుందని భయం. దేశంలో కొన్నిచోట్ల జరిగినవి చూసినవారికి ఆ భయం నిరాధారమని నేను చెప్పలేను. కాని భయపడి తనిఖీనే వద్దంటే మనం బుల్డోజర్ నుండి తప్పించుకొని నిప్పుకు దొరుకుతాం. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలపై దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ముందస్తు నోటీసు, కనీసం 15 రోజుల గడువు, వాదన వినిపించుకునే అవకాశం లేకుండా ఇల్లు కూల్చరాదని చెప్పింది. రహదారులు, నీటి వనరుల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు ఆ రక్షణ వర్తించదు. అదీ తెలిసి ఉండాలి. కాబట్టి మన నినాదం తనిఖీ వద్దు అని కాదు, సరిదిద్దే తనిఖీ కావాలి, వెళ్లగొట్టే తనిఖీ వద్దు అని ఉండాలి.

ఈ సమావేశం తరఫున మూడు పురపాలక సంఘాల ముందు, మూడు జిల్లాల కలెక్టర్ల ముందు ఐదు కోర్కెలు ఉంచుదామని ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, ఎత్తుతో నిమిత్తం లేకుండా, కింద వ్యాపారం పైన నివాసం ఉన్న ప్రతి భవనాన్నీ, మూడు లేదా అంతకు మించిన కుటుంబాలు నివసించే ప్రతి భవనాన్నీ లెక్కించాలి. రెండవది, పురపాలక, అగ్నిమాపక, విద్యుత్ శాఖలు కలిసి ఏటా ఒకసారి వాటిని చూడాలి. మెట్లదారి, మీటర్ బోర్డులు, నిల్వ సరుకు, మిద్దె తలుపు ఈ నాలుగూ తప్పక పరిశీలించాలి. మూడవది, తనిఖీలో తేలిన లోపాలను తెలుగులోను, రాష్ట్రానికి రెండవ అధికార భాషయైన ఉర్దూలోను రాసి భవన ద్వారం వద్ద అంటించాలి. ప్రమాదం గురించి తెలుసుకునే హక్కు అద్దెకున్నవారికీ ఉంది. నాలుగవది, మరమ్మతు ఖర్చు యజమాని భరించాలి. ఆ సాకుతో అద్దె పెంచరాదు, ఖాళీ చేయించరాదు. ఐదవది, మండే సరుకుల గోదాములను నివాసాల కింది నుండి తరలించడానికి చిన్న వ్యాపారులకు ప్రత్యామ్నాయ స్థలం చూపాలి. వారిలోనూ మనవారున్నారు, వారి పొట్టకొట్టి మన ప్రాణం కాపాడుకోవాలని మనం కోరడం లేదు.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నది. పట్టణంలో ఎన్ని భవనాలకు నిరభ్యంతర పత్రం ఉంది, గత మూడేళ్లలో ఎన్నింటిని తనిఖీ చేశారు అని అడగండి. 30 రోజుల్లో సమాధానమివ్వడం వారి బాధ్యత.

ఇతరులను ప్రశ్నించే ముందు మన సంస్థలను మనం పరీక్షించుకోవాలి. మన మస్జిదులు, మదరసాలు, షాదీఖానాలలో ఎన్నో పైన చెప్పిన 500 చదరపు మీటర్లు, 6 మీటర్ల కొలతల్లోకి వస్తాయి. పిల్లలు నిద్రించే మదరసా గదికి ఒకటే తలుపు ఉంటే, ఆ తలుపుకు రాత్రి బయటినుండి గొళ్లెం పెడితే, దానికి ప్రభుత్వాన్ని నిందించలేం. అద్దె భవనాల్లో నడిచే మైనారిటీ గురుకులాల గురించి కూడా తల్లిదండ్రులు ఇదే ప్రశ్న అడగాలి. ప్రాణరక్షణను షరియత్ పరమ లక్ష్యాలలో ఒకటిగా మన విద్వాంసులు లెక్కించారు. నిద్రించే ముందు దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఈ విషయం జుమా ప్రసంగంలో చెప్పదగినది కాదని ఎవరనగలరు?

ఖర్చు లేకుండా ఈ వారమే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. మెట్లను ఖాళీ చేయండి. మిద్దె తలుపును లోపలినుండి తాళం లేకుండా తెరవగలిగేలా మార్చండి. ఒక్క కిటికీ జాలీకైనా తెరుచుకునే తలుపు పెట్టించండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లోని స్త్రీలకు, పెద్ద పిల్లలకు చూపండి; పగటివేళ ఇంట్లో ఉండేది వారే. కరెంటు మంటపై నీళ్లు చల్లరాదని చెప్పండి. పొగ కమ్మితే నేలకు వంగి కదలాలని, 101కు ఫోను చేయాలని నేర్పండి. గల్లీ మొదట్లో శకటానికి అడ్డుగా నిలిపే బండ్లను తొలగించడం యువకుల బాధ్యతగా తీసుకోండి.

18 మీటర్లన్నది ఒక చట్టం గీసిన గీత. చట్టాన్ని మార్చవచ్చు. అది మారేలోగా పురపాలక సంఘం తీర్మానంతోనే కొంత పని మొదలుకావచ్చు. ఈ వినతిపత్రంపై సంతకం చేసి వెళ్లమని మీ అందరినీ కోరుతున్నాను. అద్దె ఇంట్లో ఉంటున్న సోదరీమణులు ముందుగా చేయాలి. అల్లాహ్ మన ఇళ్లను, మన పొరుగువారి ఇళ్లను కాపాడుగాక. ఆమీన్.