దెబ్బకు రసీదు ఏదీ?

(పాతబస్తీ ఆటో, క్యాబ్ డ్రైవర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ చేసిన గుమాస్తాలం మేము నలుగురం. ప్రతి ఆదివారం మీ చలానాలు, లైసెన్సు రెన్యువళ్ళు, ఇన్సూరెన్సు కాగితాలు చూసిపెడుతున్నాము. పని ముగించుకొని లేవబోతూ మీలో చాలామంది ఒక మాట అంటారు: "కాగితాలన్నీ ఉన్నాయి సాబ్, అయినా చౌరస్తాలో ఆపితే కాళ్ళు వణుకుతాయి." ఈనాడు ఆ వణుకు గురించే మాట్లాడదలచాము.

మొన్న రంజాన్ నెలలో ఒక ఆటో సోదరుడు వచ్చాడు. వయస్సు ఇరవై మూడు. రాత్రి తనిఖీలో ఆపారు. లైసెన్సు ఫోనులో ఉన్నది కనుక జేబులో చేయి పెట్టాడు. "ఏం తీస్తున్నావ్" అన్న మాట, చెంపదెబ్బ ఒక్కసారే పడ్డాయి. ఆ తరువాత లైసెన్సు చూశారు, పేరు చదివారు, ఏ బస్తీ అని అడిగారు, పొమ్మన్నారు. చలానా రాయలేదు, రాయడానికి తప్పేమీ లేదు. నెలరోజులు అతడు ఆ దారిన పోలేదు. రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి, గ్యాసు ఖర్చు పెట్టుకొని ఇల్లు చేరేవాడు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ దెబ్బ పేరు చూసి కొట్టింది కాదు, పేరు చదవకముందే పడింది. బస్తీ ప్రశ్న మాత్రం పేరు చదివిన తరువాతే వచ్చింది.

చట్టం ఏమంటున్నది? మోటారు వాహనాల చట్టం, 1988లోని 130వ సెక్షన్ ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపవలసిందే. 2018లో సవరించిన కేంద్ర నిబంధనల మేరకు ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న పత్రమూ చెల్లుతుంది. లైసెన్సు స్వాధీనం చేసుకుంటే 206వ సెక్షన్ కింద తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్సు తిరిగి వచ్చేవరకు లేదా రసీదులో రాసిన తేదీ వరకు, ఏది ముందైతే అప్పటివరకు, ఆ రసీదుతో బండి నడుపుకోవచ్చు. అరెస్టును బలవంతంగా ప్రతిఘటించేవారిపై అవసరమైన బలం వాడవచ్చునని మరో చట్టం చెబుతుంది. పారిపోకుండా ఆపడానికి కావలసినంతకు మించి నిర్బంధించరాదని కూడా అదే చెబుతుంది. జేబులో చేయి పెట్టినవాడిని కొట్టవచ్చునన్న సెక్షన్ మాకు ఎక్కడా కనబడలేదు.

ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళం. గుండుసూదుల డబ్బా కొన్నా స్టాకు రిజిస్టరులో ఎక్కించాము. హెల్మెట్ లేకపోతే ఫొటో, తేదీ, సమయంతో సహా చలానా ఇంటికి వస్తున్నది. రోడ్డుమీద పడిన దెబ్బ మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. పౌరుడిపై చేయి పడితే ఆ స్టేషనులో ఆ రాత్రే కారణంతో నమోదు కావాలని మేము కోరుతున్నాము. కొట్టలేదని పోలీసులంటే ఆ నమోదు వారికే రక్ష.

కెమెరా ఇప్పటికి ఒకవైపే చూస్తున్నది. 2021 మే లాక్‌డౌన్‌లో మన నగరానికే చెందిన ఎస్.క్యూ. మసూద్ గారిని రోడ్డుమీద ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఎందుకని ఆయన నోటీసు ఇచ్చి, ముఖాలను గుర్తుపట్టే యంత్రాంగాన్ని ప్రశ్నిస్తూ హైకోర్టుకు వెళ్ళారు. అడగడం నేరం కాదని చూపడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

రాత్రిపూట నిలబడే కానిస్టేబులుకూ భయం ఉంటుంది. తాగి మీదికి బండి తోలేవారు ఉన్నారు. మన ఇళ్ళలోనూ పదిహేనేళ్ళ పిల్లవాడి చేతికి బండి తాళం ఇచ్చి గర్వపడే తండ్రులున్నారు. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద ఆ తండ్రికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చునని వారికి చెప్పండి.

ఆపినప్పుడు ఇంజను ఆపండి, చేతులు హ్యాండిలుపై కనబడనివ్వండి, జేబులో చేయి పెట్టేముందు ఫలానాది తీస్తున్నానని చెప్పండి. నిర్దోషికి ఈ పాఠం చెప్పవలసి రావడం మాకు సిగ్గుగానే ఉన్నది. అయినా చెబుతున్నాము, మీరు ఇల్లు చేరాలి కనుక.

పోలీసులపై ఫిర్యాదులు వినే అథారిటీలను రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. ఆ తీర్పును ఉటంకిస్తూ ఆ సోదరుడి కోసం ఉన్నతాధికారికి అర్జీ రాశాము. చదివి వినిపించాము. అంతా నిజమే అన్నాడు, కలం మాత్రం పట్టలేదు. "రేపు మళ్ళీ అదే చౌరస్తాలో నడపాలి కదా సాబ్" అన్నాడు.

ఆ అర్జీ మా ఫైలులోనే ఉన్నది. తేదీ, సంతకం ఖాళీ. వచ్చే ఆదివారం తండ్రిని వెంటబెట్టుకొని వస్తానన్నాడు.