అంబులెన్సు, ఆటోనగర్, మా వెనక బెంచీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1979 పదో తరగతి బ్యాచ్. ముప్ఫై ఆరేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీరు అంబులెన్సు కొని అందులో ఊళ్ళు తిరుగుతున్నారట కదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. చెబుతాను. ఇది బండి కథే గాని, అందులో నాకు పాఠం చెప్పినవాడు మన బడివాడే. అందుకే ఒప్పుకున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి మీలో చాలామంది కళ్ళారా చూశారు. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన రోజులవి. కార్లు మునిగిపోయాయి. పడవలు, ట్రాక్టర్లు తిరిగాయి. ఆ ట్రాక్టర్లను చూసినప్పుడు నా బుర్రలో పురుగు దొలిచింది. పాత అంబులెన్సు ఒకటి కొని, లోపల పడకలు, వంటగట్టు పెట్టించి, ఫోర్ వీల్ డ్రైవ్ చేయిస్తే, దివిసీమ బురదైనా మారేడుమిల్లి కొండైనా నా సొంత ఇంట్లో కూర్చుని వెళ్ళొచ్చు కదా అని.

అంబులెన్సే ఎందుకంటే కారణాలున్నాయి. మనిషి లోపల నిలబడగలిగే ఎత్తు ఉంటుంది. వెనక తలుపు వెడల్పు. గోడలు ఫైబర్‌వి, కడిగితే శుభ్రమవుతాయి. అదనపు కరెంటు వైరింగు, ఇన్వర్టరు చాలావాటిలో ముందే ఉంటాయి. 2020 జూలై 1న మన బెంజి సర్కిల్లో వెయ్యికి పైగా కొత్త 108, 104 వాహనాలు ఒకేసారి బయల్దేరినప్పుడే, పాతవి ఎటు పోతాయా అని అనుకున్నాను. తర్వాత తెలిసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బండికి రిజిస్ట్రేషన్ మళ్ళీ ఇవ్వరు, అది తుక్కుకే పోవాలి. కాబట్టి ప్రైవేటు ఆసుపత్రి వాడి వదిలేసిన టెంపో ట్రావెలర్ ఒకటి చూసి బేరం కుదుర్చుకున్నాను.

మొదటి అడ్డు ఇంట్లోనే వచ్చింది. "ఎంతమంది ప్రాణాలు పోయాయో ఆ బండిలో! అందులో నన్ను పడుకోమంటారా?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు. ఆ పంచాయితీ తేలకుండానే బండి తీసుకుని ఆటోనగర్ వెళ్ళాను.

అక్కడ మా క్లాసువాడి షెడ్డు ఉంది. పేరు చెప్పొద్దన్నాడు. వెనక బెంచీ, గోడ పక్క సీటు. పదో తరగతి లెక్కల్లో తప్పాడు. మన లెక్కల మాస్టారు చేత వాడు తిన్నన్ని బెత్తం దెబ్బలు బడిలో ఇంకెవరూ తిని ఉండరు. ఆ ఏడే ఆటోనగర్లో స్పానర్ పట్టుకున్నాడు. లారీ బాడీలు, గేర్‌బాక్సులు, మిలటరీ వేలంలో వచ్చిన జోంగాలు, అన్నీ వాడి చేతిమీదుగా వెళ్ళాయి.

నేను చెప్పిందంతా విని, బండి కిందికి దూరి, పది నిమిషాలకు బయటికొచ్చి, "చెయ్యనురా" అన్నాడు.

"డబ్బులు ఎంతైనా ఇస్తాను" అన్నాను.

"డబ్బులు కాదు. కూర్చో" అని షెడ్డు షట్టర్ మీద సుద్దముక్కతో గీయడం మొదలుపెట్టాడు.

ఈ బండిలో ఇంజన్ బలం గేర్‌బాక్సు నుంచి ఒక్క షాఫ్టు మీద వెనక చక్రాలకే పోతుంది. ముందు చక్రాలూ లాగాలంటే గేర్‌బాక్సు తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్ పెట్టాలి. అక్కడినుంచి ముందుకు ఇంకో షాఫ్టు రావాలి. ముందు ఇరుసు మొత్తం మార్చాలి. ఆ ఇరుసులో పళ్ళ లెక్క వెనక ఇరుసుతో సరిపోవాలి. పోకపోతే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఒక లెక్కన తిరగబోయి ఏదో ఒకటి విరుగుతుంది. ఇవన్నీ పట్టాలంటే బండిని పైకెత్తాలి. అంబులెన్సు అసలే ఎత్తు బండి. ఇంకా ఎత్తితే దాని బరువు మధ్యబిందువు పైకి జరుగుతుంది.

"కరకట్ట మీద ఎదురుగా లారీ వచ్చి నువ్వు పక్కకి కోస్తే, బండి ఎటు పడుతుందో నువ్వే చెప్పు. స్టీరింగు, బ్రేకులు కంపెనీవాడు ఆ ఎత్తుకి లెక్కగట్టి పెట్టాడు. నేను మారిస్తే ఆ లెక్క ఎవడు కట్టాలి? నేను లెక్కల్లో తప్పినోణ్ణి కదరా" అన్నాడు.

నేను బుడమేరు సంగతి ఎత్తాను. వాడు నవ్వాడు. "లోతు నీళ్ళల్లో కావాల్సింది నాలుగు చక్రాల బలం కాదు. ఇంజన్ గాలి పీల్చే చోటు నీళ్ళకి పైన ఉండాలి. ఒక్కసారి నీళ్ళు సిలిండర్లోకి పోతే, నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుద్ది. మన నల్లరేగడి తడిస్తే టైరు గాడులన్నీ మట్టితో నిండిపోతాయి. అప్పుడు రెండు చక్రాలు జారేచోట నాలుగూ జారతాయి. నీకు ఫోర్ వీల్ కావాలంటే పుట్టుకతో ఫోర్ వీల్ అయిన బండి కొనుక్కో."

ఇంటికొచ్చి చట్టం చదివాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే సంగతిని గట్టిగా చెప్పింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. అంతకంటే పెద్ద భయం బీమా. చెప్పకుండా మార్చిన బండి ఎవరినైనా గుద్దితే, కంపెనీ చేతులెత్తేస్తే, ఆ కుటుంబానికి మనమే జవాబు చెప్పుకోవాలి. ముప్ఫై ఆరేళ్ళు ఇతరుల కాగితాలు తనిఖీ చేసినవాణ్ణి, నా సొంత కాగితం చదవకుండా బయల్దేరాను.

విదేశాల్లో అంబులెన్సులు ఫోర్ వీల్ క్యాంపర్లు కావడం నిజమే. బ్రిటిష్ సైన్యం వదిలేసిన ల్యాండ్‌రోవర్ అంబులెన్సులను ఎందరో ఇళ్ళుగా మార్చుకున్నారు. కానీ అవి ఫ్యాక్టరీలోనే ఫోర్ వీల్‌గా పుట్టినవి. అమెరికాలో ఫోర్డ్ వ్యాన్లను మార్చే క్విగ్లీ లాంటి సంస్థలకు అదే వృత్తి. మనం ఫొటో చూసి ముచ్చటపడతాం, దాని వెనక ఉన్న లెక్క మనకు కనపడదు.

మర్నాడు వెళ్ళి, "సరే, రెండు చక్రాలతోనే ఇల్లు కట్టిపెట్టు" అన్నాను. "అయితే ముందు రవాణాశాఖ అనుమతి తెచ్చుకో. అది వచ్చేదాకా ఒక్క బోల్టు విప్పను" అన్నాడు. అంబులెన్సు తరగతి మార్చుకోవాలి, సైరన్, తిరిగే దీపం తీసెయ్యాలి, రంగు మార్చాలి. ఇళ్ళ బండ్లకు ఏఐఎస్ 124 అని వేరే ప్రమాణం ఉంది. కొన్ని నెలలు పట్టింది. మీలో ఎవరైనా ఈ పని తలపెడితే ముందు ఆఫీసుకు, తర్వాతే షెడ్డుకు వెళ్ళండి.

ఆ నెలల్లోనే మా ఆవిడ సంగతీ తేలింది. ఆ బండి నడిపిన పాత డ్రైవరును మావాడు షెడ్డుకు పిలిపించాడు. ఆమె సూటిగా అడిగింది. ఆయన దాచలేదు. "పోయినవాళ్ళు ఉన్నారమ్మా. దారిలో ఇద్దరు బిడ్డలు కూడా ఇందులోనే పుట్టారు" అన్నాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. "శుభ్రంగా కడిగించండి అన్నయ్యగారూ" అని మావాడితో అని, గుమ్మానికి పసుపు రాసింది.

ఇక లోపలి పని. షట్టర్ మీద సుద్దతో బరువుల పట్టిక రాశాడు. నీళ్ళు 80 లీటర్లంటే 80 కిలోలు. నలుగురు మనుషులు 280. టేకు మంచాలు అన్నాను, కొట్టేసి అల్యూమినియం ఫ్రేము, ప్లైవుడ్ అన్నాడు. అంతా కలిపి ఆర్‌సీలో రాసిన బరువుకు లోపలే ఉండాలి. ఒక్క కిలో కూడా ఊరికే ఒప్పుకోలేదు. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, అంటే 1,200 వాట్ అవర్లు. పైన 300 వాట్ల సోలార్ పలక. చిన్న ఫ్రిజ్, ఫ్యాన్, దీపాలు కలిపి రోజుకు వెయ్యి లోపే. ఏసీ ఇంజన్ తిరిగితేనే పనిచేస్తుంది కాబట్టి రాత్రిళ్ళు లేదు. అందుకే మా ప్రయాణాలు కార్తీకం నుంచి శివరాత్రి దాకానే. బెజవాడ ఎండల్లో ఆ డబ్బాలో పడుకుంటే మళ్ళీ అంబులెన్సు పిలవాలి.

వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగుతుంది. అందుకని నేల దగ్గర గాలి పోయే జాలీ పెట్టాడు. కిటికీలన్నిటికీ దోమతెరలు. డెల్టాలో అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఒకటే. మడిచే స్ట్రెచర్ మాత్రం తియ్యనివ్వలేదు. "దాని చోటు దానికుండనీ" అన్నాడు.

మొదటి ప్రయాణం కరకట్ట మీద. యనమలకుదురు దాటి, శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు దర్శనం చేసుకుని, పులిగడ్డ మీదుగా దివిసీమలోకి వెళ్ళి, హంసలదీవికి చేరాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట పొద్దు వాలడం చూద్దామని కాస్త ముందుకు పోనిచ్చాను. వెనక చక్రాలు దిగబడ్డాయి. ఫోర్ వీల్ ఉంటే ఇంకో వంద గజాలు లోపలికి వెళ్ళి దిగబడేవాణ్ణి, అంతే తేడా.

ఒక రైతు ట్రాక్టరు తెచ్చి లాగాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. ఏటవాలు ఎండలో, కొత్త రంగు కింద పాత అక్షరాల గీతలు ఆయనకు కనబడ్డాయి. "ఇది అంబులెన్సు కదండీ?" అన్నాడు. "ఒకప్పుడండీ" అన్నాను. "ఈ బండ్లకి మేం డబ్బులు తీసుకోమండీ" అని వెళ్ళిపోయాడు. ఆ మర్యాద నాది కాదు, బండిది. తిరిగొచ్చిన మర్నాడే ఆ అక్షరాలు కనపడకుండా మళ్ళీ రంగు వేయించాను. దాని పేరు చెప్పి నేను దారి అడగకూడదు.

మాస్టారూ, మీతో ఒక్కమాట. మీరు లెక్కల్లో తప్పించినవాడు ఆ రోజు నాకోసం కట్టిన లెక్కలో తప్పు లేదు. లాభం వచ్చే పనిని కాదని, నన్నూ నా కుటుంబాన్నీ కాపాడాడు. కొత్త బండి కొనేవాళ్ళు ఎవర్నైనా అడగండి. పాతదానికి రెండో బతుకు ఇవ్వాలనుకుంటే మాత్రం, "చెయ్యను" అని చెప్పగల మనిషిని వెతుక్కోండి.

వాడు ఇక్కడే ఉన్నాడు. ఎప్పటిలాగే చివరి వరసలో, గోడ పక్కన. ఒరేయ్, ఒక్కసారి లేచి నిలబడరా. ఈసారి మాస్టారు కొట్టరు.

సెలవు.