అంకె నిజమే, బొమ్మ మాటేమిటి?

(అజీజ్‌నగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



2024 మే 13న మన చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గంలో పోలింగ్ జరిగింది. దానికి కొద్ది రోజుల ముందు ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి నుండి ఒక అధ్యయన పత్రం వెలువడింది. పత్రాన్ని చదివినవారు తక్కువ; దాని నుండి పుట్టి ఫోన్లలో తిరిగిన బొమ్మను చూసినవారు ఎక్కువ. 1950 నుండి 2015 వరకు దేశ జనాభాలో హిందువుల వాటా 7.82 శాతం తగ్గిందనీ, ముస్లింల వాటా 43.15 శాతం పెరిగిందనీ అందులోని మాట. మన పిల్లలు బడిలో గీసే కమ్మీ చిత్రమే అది. ఒక కమ్మీ కిందికి పొట్టిగా, మరొకటి పైకి తాడిచెట్టులా.

అంకెల్లో తప్పు లేదు. ఆ పత్రం ప్రకారమే హిందువుల వాటా 84.68 శాతం నుండి 78.06కు తగ్గింది, ముస్లింల వాటా 9.84 నుండి 14.09కు పెరిగింది. నూరుగురిని వరుసగా నిలబెడితే నాడు మనవారు పదిమంది, నేడు పద్నాలుగురు. మరి 43 ఎక్కడిది? పెరిగిన నాలుగును నూరుతో కాక, మొదటనున్న పదితో పోల్చినందువల్ల వచ్చినది. ఒక్క మేక ఉన్నవాడు రెండవది కొంటే నూరు శాతం వృద్ధి. నూరు మేకలవాడు పది కొన్నా పది శాతమే. తగ్గిన వాటా 6.62 పాయింట్లు, పెరిగిన వాటా 4.25 పాయింట్లు. పెద్ద మార్పు పొట్టి కమ్మీ అయింది, చిన్న మార్పు పొడుగు కమ్మీ అయింది! సున్నా నుండి నూరు వరకు కొలత పెట్టి నాలుగు కమ్మీలు గీసి ఉంటే ఎవరికీ భయం కలిగేది కాదు.

ఇది కొత్త సంగతి కాదు. 2001 జనగణన మతవారీ లెక్కలు 2004 సెప్టెంబరులో వెలువడినప్పుడు ముస్లింల వృద్ధి 36 శాతమని ప్రచారం జరిగింది. 1991లో జమ్మూ కాశ్మీర్‌లో జనగణన జరగలేదు, 2001లో జరిగింది. లేని రాష్ట్రాన్ని ఉన్న రాష్ట్రంతో పోలిస్తే వచ్చేది వృద్ధి కాదు. సవరించిన లెక్క 29 శాతం చిల్లర. అంతకుముందరి దశాబ్దపు 32.9 కంటే తక్కువ. ఎక్కుతున్నదని చూపిన గీత నిజానికి దిగుతున్నది. 2011 నాటికి అది 24.6కు వచ్చింది. నేను కార్యాలయంలో స్టేట్‌మెంట్లు తయారు చేస్తూ జీవితం గడిపినవాణ్ణి. కిందటి సంవత్సరపు కాలమ్ సరిగా లేని స్టేట్‌మెంటుపై మా సూపరింటెండెంట్లు సంతకం చేసేవారు కారు.

మంచి బొమ్మ ఎలా ఉంటుందంటారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఒక స్త్రీకి సగటున కలిగే పిల్లల సంఖ్య 1992-93లో ముస్లింలలో 4.4, హిందువులలో 3.3. 2019-21లో 2.36, 1.94. ఈ రెండు గీతలను ఒకే చట్రంలో, ఒకే కొలతతో గీయండి. రెండూ దిగుతూ, దగ్గరవుతూ కనిపిస్తాయి. మనవారి సంఖ్య ఇంకా కొంచెం ఎక్కువేనన్నది కూడా కనిపిస్తుంది. దానిని దాచనవసరం లేదు.

ఇక మన పోస్టర్ల మాట. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 65.1. మన యువకులు వేసిన ఒక పోస్టరులో కొలత 55 వద్ద మొదలైంది. మన కమ్మీ దేశపు కమ్మీలో సగం కూడా లేదు. ఆరు పాయింట్ల వెనుకబాటు చిన్నదేమీ కాదు, కానీ సగం కాదు. పైగా అది దేశపు లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మనవారి అక్షరాస్యత అప్పటికే రాష్ట్ర సగటును మించి ఉన్నది. వినతిపత్రంతో వెళ్లినప్పుడు అధికారి ఆ ఒక్క లోపాన్ని పట్టుకుంటే మన బడి సంగతి, స్కాలర్‌షిప్పు సంగతి అక్కడే ఆగిపోతాయి.

ఆ పోస్టరును, సున్నా నుండి తిరిగి గీసినదానిని పక్కపక్కన ఈ బల్లపై ఉంచాను. ఇంటర్ చదివే పిల్లలు వెళ్లేముందు స్కేలుతో రెండింటినీ కొలిచి చూడండి.