వలలోని చేప, రాతిలోని చేప



సముద్రమన్నంతనే మన పల్లెలవారి మనసునకు తోచునవి యిసుకతిన్నెలు, సరుగుడు తోటలు, ఒడ్డున కీడ్చిన నావలు. మన కోస్తాతీరము చాలవరకట్టిదే. విశాఖపట్టణము, భీమునిపట్టణముల వైపు పోయినవారు మాత్రము కొండ తిన్నగా నీటిలోనికి దిగుట చూచియుందురు. ఇంగ్లండు దేశపు దక్షిణతీరమున డార్సెట్ అను మండలములో నట్టి కొండయొడ్డొకటి కలదు. కాని యది మన విశాఖ కొండలవలె గట్టిది కాదు. ఏటేట విరిగి సముద్రములో పడుచుండును. అచట జాలరి వలలో చేపను పట్టును. వాని పొరుగువాడు అదే యొడ్డున రాతిలో చేపను వెదకును. మొదటిది నేటి చేప. రెండవది సుమారిరువది కోట్ల యేండ్లనాటిది. ఈ రెండు వేటల సంగతియు, వానిని గూర్చి చదువునపుడెల్ల నన్ను బాధించు నా తప్పొకటియు నేడు మనవి చేయుదును.

నేనా తీరమును కన్నులార చూచినవాడను కాను. తెలుగు పంతులుగా బడిలో జీవితము గడపి, తీరిక దొరకిన పిమ్మట పుస్తకములలో చూచినవాడను. కావున చదివినదే చెప్పుచున్నాను.

ఆ తీరమున లైమ్ రీజిస్ అను చిన్న పట్టణము కలదు. దాని ముందర సముద్రములోనికి వంగి చాచిన చేయివలె నొక పెద్ద రాతిగోడ యుండును. దానిని కాబ్ అందురు. 1328వ సంవత్సరపు పత్రములోనే దాని ప్రస్తావన కలదు. మొదట సింధూరపు దుంగలు పాతి, నడుమ బండరాళ్లు నింపిరట. తుపానులు దానిని పలుమారులు పడగొట్టినవి, జనులు పలుమారులు కట్టిరి. ఆ గోడ చాటున నావలు నిలుచును. అచటి జాలరులు ఎరపెట్టిన బుట్టలను తాళ్లతో నడుగునకు దింపి పీతలను, పెంకు గట్టియైన పెద్దరొయ్యలను పట్టుదురు. వేసవిలో మాకెరెల్ అను చేప గుంపులుగా వచ్చును. దానికి ఎర యక్కరలేదు. ఒకే త్రాటికి కొన్ని గాలములు కట్టి, వానికి రంగుటీకలు ముడివేసి యాడించిన చాలును. పిల్లచేపలని భ్రమపడి కరచును. ఒక్కమారు లాగినపుడు నాలుగైదు చేపలు వ్రేలాడుచు వచ్చుటయు కలదు.

ఈ మాకెరెలు మనకు పరాయిది కాదు. మన కానాగంతకు దగ్గరి చుట్టము. ఇచట నొక చిన్న ముచ్చట. పదునెనిమిదవ శతాబ్దము చివర పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నుండి, జాలరులు తెచ్చిన చేపలకు బొమ్మలు వ్రాయించి, వారు చెప్పిన తెలుగు పేళ్లనే వాని క్రింద చేర్చెను. రెండువందల చేపల యా గ్రంథము 1803లో లండనున అచ్చుపడినది. అందలి ‘కానగుర్త’ యను మాటను ఫ్రాన్సు దేశపు మహాపండితుడు క్యూవియే గ్రహించి, చేపకు శాస్త్రనామముగా నిలిపెను. నేటికిని ప్రపంచమంతట నా చేప శాస్త్రనామము రాస్ట్రెల్లిజర్ కానగుర్తయే. మన జాలరి నోటిమాట లోకమెల్ల వ్యాపించినది. చెప్పిన జాలరి పేరు మాత్రమెచటను లేదు. ఈ క్యూవియే పేరు మీరు జ్ఞప్తియందుంచుకొనవలెను, మరల రానున్నాడు.

లైమునకు తూర్పున చెసిల్ అను గులకరాళ్ల కట్ట పదునెనిమిది మైళ్లు సాగియున్నది. పడమటికొనను రాళ్లు బఠాణీగింజలంత యుండి, తూర్పునకు పోను పోను పెద్దవియై, చివరకు కోడిగ్రుడ్డుకంటె పెద్దవగును. చీకటిలోనో మంచులోనో నావను ఒడ్డు చేర్చిన జాలరి, గుప్పెడు రాళ్లు చేతబట్టి తడవి, తానే పల్లె యెదుట దిగెనో చెప్పగలిగెడివాడందురు. అమరము వల్లించిన నాబోటివానికి ఇట్టి విద్య యెక్కడిది!

ఇక రాతివేట. లైముచుట్టునున్న కొండలలో సున్నపురాయి యొక వరుస, బంకమన్ను ఒక వరుస, మరల రాయి, మరల మన్ను, గోడకు ఇటుకలు పేర్చినట్లుండును. అది యంతయు నొకప్పుడు సముద్రపు టడుగు బురద. అందు చచ్చి మునిగిన ప్రాణుల కళేబరములు కాలక్రమమున రాళ్లయినవి. వీనినే శిలాజములందురు. శీతకాలపు వానలకు బంకమన్ను నాని జారును. కొండచరియ విరిగి యొడ్డున పడును. అలలు మన్ను కడిగి రాయి విడిచిపెట్టును. కొద్దిదినములలో ఎవరును తీయకున్న ఆ రాతిని గూడ పొడిచేసి మ్రింగును. చూపునదియు సముద్రమే, కాజేయునదియు సముద్రమే.

ఆ విరుగుట యెంతటిదో యొక్కటి చెప్పుదును. 1839వ సంవత్సరము క్రిస్మసు రోజులలో లైమునకు పడమట బిండన్ అనుచోట సేద్యపుభూమి పెద్ద ముక్కగా తెగి సముద్రమువైపు జారినది. నడుమ గొప్ప అగాధ మేర్పడెను. పైన చల్లిన గోధుమపైరు మాత్రము చెడలేదు! మరుసటి యేడు దానిని ఉత్సవమువలె కోసిరి. చూచుటకు జనము విరివిగా వచ్చిరి. పొలము తరలిపోయినను పంట వదలని ఆ రైతు మనవాడే యనిపించును.

కావున శిలాజములు వెదకువాడును, జాలరియు ఒకే పంచాంగమును చూతురు. అది పోటుపాట్ల పట్టిక. పాటు వేళ బయలుదేరి, పోటు రాకమున్నే తిరిగి రావలెను. ఆలస్యమైనచో ముందు నీరు, వెనుక కొండ. తుపాను వెలిసిన మరునాడు మంచి వేట. కొండను సుత్తితో కొట్టరాదు, దాని క్రింద కూర్చుండరాదు. ఒడ్డున విడిగా పడినదానిని తీసికొనవచ్చును. శాస్త్రమునకు ముఖ్యమైనది దొరికినచో సమీపమున చార్‌మత్ గ్రామములోని కేంద్రమున నమోదు చేయింపవలెను. ఈ తీరము 95 మైళ్ల మేర 2001లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినది.

అచట విరివిగా దొరకునది అమ్మొనైటు. పొట్టేలు కొమ్మువలె చుట్టచుట్టుకొన్న గుల్ల. మన పెద్దలకిది క్రొత్తకాదు. గండకీనది శాలగ్రామములో మనము దర్శించు చక్రము ఇదే జాతి ప్రాణి గుల్ల. వజ్రకీటము తొలిచిన చక్రమని మన పెద్దలు చెప్పుదురు. హిమాలయములున్నచోట పూర్వము సముద్రముండెననుటకు ఆ రాయియే సాక్షి. సముద్రఫేనమను పేర పచారీకొట్టులో నమ్ము తెల్లని బిళ్ల యే ప్రాణి దేహములోనిదో, ఆ ప్రాణికిని ఈ అమ్మొనైటునకును దూరపు బంధుత్వము.

లైములో 1799లో మేరీ ఆనింగ్ అను బాలిక పుట్టెను. తండ్రి వడ్రంగి, ఒడ్డున దొరకిన వింతరాళ్లను యాత్రికులకు అమ్మి నాలుగు డబ్బులు గడించెడివాడు. 1810లో అప్పులు మిగిల్చి చనిపోయెను. 1811లో అన్న జోసెఫునకు కొండలో నొక పెద్ద తలకాయ కనబడెను. మరుసటి యేడు మేరీ తక్కిన దేహమును కనుగొనెను. అప్పటికామెకు పండ్రెండు, పదుమూడేండ్లు. అది చేపవలె నీదిన పెద్ద సరీసృపము. దానికి తరువాత ఇక్థియోసారస్, అనగా చేపబల్లి, యని పేరు పెట్టిరి. ఆ గ్రామపు భూస్వామి యిచ్చినది 23 పౌనులు.

బడిచదువు ఆమెకు స్వల్పము. కాని సముద్రపుటొడ్డు బిడ్డ గనుక చేప నెట్లు కోయవలెనో తెలియును. రాతిలోని యెముక యర్థము కానపుడు నేటి చేపలను, సముద్రఫేనపు ప్రాణిని కోసి, లోపలి యమరిక చూచి, రాతితో సరిపోల్చుకొనెడిది. బాణపుములికి వంటి బెలెమ్నైటు రాళ్లలో ఎండిన సిరాతిత్తి యున్నదని యట్లే గుర్తించినది. ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్‌పాట్ ఆ సిరాను నీటితో నూరి, దానితోనే శిలాజముల బొమ్మలు వ్రాసెను. కోట్ల యేండ్లనాటి సిరా! 1829లో సొరకును టేకుచేపకును నడుమదివలె నున్న యొక వింతచేప కూడ ఆమెకు దొరకినది.

1823లో ఆమె మరియొక ప్రాణిని వెలికితీసినది. చిన్న తల, అతిదీర్ఘమైన మెడ, తెడ్లవంటి కాళ్లు. మెడలో 35 ఎముకలు. దాని చిత్రమును చూచి, నేనింతకుముందు చెప్పిన క్యూవియే సందేహించెను. వేరువేరు ప్రాణుల యెముకలను కలిపిరేమోయని భయపడెను. 1824లో లండను భూగర్భశాస్త్ర సంఘమున కానిబేర్ అను పండితుడు ప్రాణిని వర్ణించెను. అది నిజమైనదే యని తేలెను. క్యూవియే తన పొరపాటొప్పుకొనెను. అతని పెద్దమనసును మెచ్చుకొనవలసినదే. కాని యా సభలో మేరీ పేరు వినబడలేదు. ఆ సంఘము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు 1919 వరకు పట్టినది. 1833లో చరియ విరిగిపడి, ఆమె వెంట తిరుగు కుక్క ఆమె కన్నుల యెదుటనే చనిపోయెను. కొద్దిలో ఆమె బ్రదికెను. తరువాత ఏటికి 25 పౌనుల భరణము లభించెను. 1847లో మరణించెను. పట్టణమున ఆమె విగ్రహము నెలకొల్పుట 2022లో.

ఈ చరిత్ర చదివినపుడు నాకు నిద్రపట్టలేదు. కారణము చెప్పెదను.

నలుబది యేండ్ల క్రిందట, ఉద్యోగపు తొలిదినములలో, కార్తికమాసమున పిల్లలను వనభోజనములకు కొవ్వూరు సమీపమున పంగిడివైపు తీసికొనిపోతిని. అచట నల్లరాతి గనులు కలవు. పిల్లలలో నొకడు నరసాపురము దిగువ సముద్రపుటొడ్డు జాలరుల బిడ్డ. మేనమామ యింట నుండి చదువుకొనుచుండెను. పులిహోర వడ్డించు వేళ వాడొక తెల్లని రాయి తెచ్చెను. అందు మరమేకువలె మెలి తిరిగిన చిన్న గవ్వ యున్నది.

“మేష్టారండీ, ఇది మా వలలో పడే గవ్వలాంటిదేనండి. రాయిలోకి ఎలా వచ్చిందండి?” యని యడిగెను.

నేను రాతిని త్రిప్పియైన చూడలేదు. “సున్నపు బట్టీవాళ్లు తెచ్చి పారేసిన గవ్వ అయివుంటుందిరా. నీకు కొండమీద కూడా సముద్రమే కనపడుతుంది!” అంటిని. పిల్లలందరు పకపక నవ్విరి. వాడు రాతిని క్రింద పెట్టి, చేతులు తుడుచుకొని, విస్తరియొద్ద కూర్చుండెను. ఆ యేడంతయు వాడు నన్ను మరేమియు అడుగలేదు. పరీక్షలైన పిమ్మట తండ్రితో నావ మీదికి పోయెనని వినికిడి. నా మాటకే పోయెనని చెప్పను. ఇంటి అవసరమే యైయుండవచ్చును. అయినను ఆ నవ్వు నాకు వినబడుచునే యుండును.

చాలయేండ్ల తరువాత చదివితిని. పంగిడియందును, ఆవలియొడ్డున రాజమహేంద్రవరము ప్రక్కనున్న కాతేరునందును, నల్లరాతి పొరల నడుమ సున్నపురాతి పొర యున్నది. ఆ నల్లరాయి సుమారు ఆరుకోట్ల అరువది లక్షల యేండ్ల క్రిందట భూగర్భమునుండి పొంగి ప్రవహించి గడ్డకట్టినది. ఒక ప్రవాహమునకును మరియొక ప్రవాహమునకును నడుమ సముద్రమచటికి వచ్చి గవ్వలను విడిచినది. స్టీఫెన్ హిస్లాప్ అను మతబోధకుడు 1860లోనే రాజమహేంద్రవర ప్రాంతపు గవ్వలను వర్ణించి ప్రకటించెను. పిల్లవాడు చెప్పినది సత్యము; పండితుడు చెప్పినది యసత్యము. ఆ యుదయమున కూడ నేనింట శాలగ్రామమునకు అభిషేకము చేసి, తీర్థము పుచ్చుకొని బయలుదేరితిని. రాతిలో సముద్రప్రాణి నా దేవతార్చన పెట్టెలోనే యుండగా, వానిని నవ్వులపాలు చేసితిని.

రాతిని వెదకుటకు మరల పోతిని. గని చాల లోతునకు పోయినది. మేము విస్తళ్లు వేసిన తావు లేదు.

గోదావరికి రెండుప్రక్కల నల్లరాతి నేలలున్న గ్రామములలోని పెద్దలకు ఒక మనవి. నూయి త్రవ్వునపుడో, రాయి కొట్టునపుడో గవ్వయున్న రాయి వెలువడినచో దానిని పగులగొట్టకుడు, గట్టిగా తోమి కడుగకుడు. ఎన్ని అడుగుల లోతున, ఏ రంగు మన్నుక్రింద దొరకినదో యొక కాగితముపై వ్రాసి రాతితోపాటు నుంచుడు. దగ్గరి కళాశాలలో భూగర్భశాస్త్రము చెప్పువారికి కబురంపుడు. ఆ కాగితముమీద రాతిని మొదట చూచినవాడు కూలివాడైనను, పశువుల కాపరియైనను, పిల్లవాడైనను, వాని పేరు కూడ వ్రాయుడు.