చుట్టాలుగా వెళ్లాం
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9ని ఆదివాసీల రోజుగా ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఈ రోజున మన చరిత్ర గురించి, హక్కుల గురించి పెద్దలు చెప్పారు. మేము ఒక చిన్న సంగతి చెబుతాం. పాతబస్తీలోని మా గిరిజన అమ్మాయిల హాస్టల్ నుంచి కిందటేడు కార్తీకంలో 22 మంది పిల్లలను అరకు కొండల్లో రెండు రోజుల నడకకు తీసుకెళ్లాం. ఎలా వెళ్లాలో ఆలోచించేటప్పుడు ఎక్కడ తప్పు చేయబోయామో, ఎవరు దిద్దారో చెబుతాం. ఇక్కడున్న వార్డెన్లకు, టీచర్లకు పనికొస్తుంది.

మా పిల్లల్లో గోండులున్నారు, కోయలున్నారు, లంబాడీలున్నారు, చెంచు పిల్లలిద్దరున్నారు. అందరూ కొండా కోనా చూసి పెరిగినవాళ్లే. హైదరాబాద్ వచ్చాక మాత్రం హాస్టల్, కాలేజీ, బస్సు. కిటికీ తీస్తే ఎదుటింటి గోడ. ఒకసారి ఎటైనా తీసుకెళ్లండి మేడమ్ అని రెండేళ్లుగా అడుగుతున్నారు. మెట్లుమెట్లుగా ఉండే అరకు వరి మడుల ఫొటో ఫోన్‌లో చూసి, ఇక్కడికే పోదామన్నారు.

మేము ముందు ఒక టూర్ల వాళ్లను అడిగాం. వాళ్లు కాగితం పంపారు. రెండు రోజుల్లో అయిదు ఊళ్లు, బొంగులో చికెన్, గిరిజన గ్రామ సందర్శన, వాళ్లతో ఫొటోలు, రాత్రి ధింసా నాట్యం. రేటు బాగానే ఉందనుకున్నాం. ఆ కాగితం డైనింగ్ హాల్లో చదివి వినిపించాం. డిగ్రీ రెండో ఏడు చదివే తండా పిల్ల ఒకతి లేచి అడిగింది: "మేడమ్, ఇందులో మనం చూసేవాళ్లమా, చూపించేవాళ్లమా?"

మాకు జవాబు రాలేదు. ఎందుకంటే మేమూ ఆ తప్పు చేశాం. ఏదైనా సభ ఉందంటే, అతిథులొస్తున్నారంటే, ఫేటియా కాంచళి కట్టుకుని పూలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడమని ఈ పిల్లలకే చెప్పాం. రేపు పరీక్ష ఉందన్నా విన్లేదు. వాళ్లతో ఫొటోలు దిగినవాళ్లలో పేరు అడిగినవాళ్లు తక్కువ. అదే పనికి ఇప్పుడు మేము డబ్బు కట్టి ఇంకొకరి ఊరికి బయలుదేరుతున్నాం.

ఆ కాగితం పక్కన పెట్టాం. తెలిసినవాళ్ల ద్వారా డుంబ్రిగుడ మండలంలో ఒక తమ్ముడిని పట్టుకున్నాం. కొండదొర పిల్లాడు, నడక దారులు చూపించడం అతని పని. జులైలో వస్తాం, మడులు పచ్చగా ఉంటాయి కదా అన్నాం. అతను ఫోన్లో నవ్వాడు. "అప్పుడు మాకు నాట్లండి. ఎవరూ ఇంటికాడ ఉండరు. గట్లు మెత్తగుంటాయి. మీ ఇరవై మంది తొక్కితే గట్టు తెగిపోద్ది. కింద మడోడు నాతో గొడవకొస్తాడు."

మాకు అప్పటిదాకా ఆ మడుల సంగతి తెలియదు. కొండ మీది గెడ్డలోంచి నీళ్లు ముందు పై మడిలోకి వస్తాయి. అది నిండాక గట్టుకు పెట్టిన గండి నుంచి కింది మడికి, అక్కడి నుంచి ఇంకా కిందికి. పై మడి ఒకరిది, కింది మడి ఇంకొకరిది. మధ్యలో ఒక్క గట్టు తెగితే ఒకరికి నీళ్లు పోతాయి, ఇంకొకరికి నారు కొట్టుకుపోతుంది. అందుకని వానాకాలం వద్దనుకున్నాం. దోమలు, మలేరియా భయం కూడా అప్పుడే ఎక్కువ. కార్తీకం చివర్లో వెళ్తే వరి పండి ఉంటుంది, వలిసె పూలు పచ్చగా ఉంటాయి, దారి గట్టిపడి ఉంటుంది.

అయిదు ఊళ్లు రెండయ్యాయి. మొదటి రోజు ఆరు కిలోమీటర్లు, రెండో రోజు నాలుగు. ఇంతేనా అని పిల్లలు మూతి ముడుచుకున్నారు. ఊళ్లో కూర్చోడానికి టైముండాలి కదా అన్నాడు తమ్ముడు.

తర్వాత మా పని. ప్రతి ఇంటి నుంచి అమ్మానాన్నల సంతకం తెప్పించాం. పాడేరు ఐటీడీఏకు, అక్కడి పోలీస్ స్టేషన్‌కు ఉత్తరాలు రాశాం. నెల రోజులు ఆదివారం ఆదివారం గోల్కొండ వెళ్లి బాలా హిస్సార్ మెట్లు ఎక్కించాం. మొదటి వారం సగం మంది మధ్యలోనే కూర్చున్నారు, మాతో సహా. అరకు 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, రాత్రి వణికిస్తుంది. మదీనా దగ్గర ఫుట్‌పాత్ మీద బేరమాడి స్వెట్టర్లు, కాన్వాసు బూట్లు కొన్నాం. నిండు చేతుల చొక్కాలు, దోమతెరలు, ఓఆర్ఎస్ పొట్లాలు కట్టుకున్నాం. నెలసరిలో ఉన్న పిల్లలకు అక్కడ ఆచారాలేమైనా అడ్డమా అని ముందే ఆ ఊరి ఆడవాళ్లను అడిగించాం. వాడిన ప్యాడ్లు, ప్లాస్టిక్ అంతా తిరిగి సంచిలో తేవాలని నియమం పెట్టాం.

రాత్రి రైలు దిగి, పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలు ఎక్కాలని మొదట అనుకున్నాం. మన రైలు ఆలస్యమైతే అది దొరకదు. అందుకని విశాఖలో ఒక రాత్రి ఆగాం. మీరూ అలాగే చేయండి.

డబ్బు సంగతి. గైడు కూలి అతని చేతికే ఇచ్చాం. అన్నం వండిన ఆడవాళ్లకు వాళ్ల చేతికే ఇచ్చాం. ధింసా ఆడమని అడగలేదు. అడగకుండా ఫొటో తీయొద్దని పిల్లలకు చెప్పాం.

బయలుదేరే ముందు మాసబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియానికి తీసుకెళ్లాం. కొమురం భీం అందరికీ తెలుసు. 1922లో మన్యంలో అల్లూరితో కలిసి నడిచిన గాం గంటం దొర పేరు ఒక్కరికీ తెలియదు. 1/70 చట్టం గురించి మాట్లాడుకున్నాం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరు మీదికి పోకూడదన్న ఆ చట్టం ఉట్నూరులోనూ ఉంది, అరకులోనూ ఉంది. మనం చూడబోయే మడులు ఎవరి చేతిలో ఉండాలని ఆ చట్టమో, అది తెలుసుకుని వెళ్లాలనుకున్నాం.

ఊళ్లోకి వెళ్లేసరికి కోతలు నడుస్తున్నాయి. ఎవరూ మా కోసం వరుసలో నిలబడలేదు. మా పిల్లలే కాసేపు చూసి మడిలోకి దిగారు. ఆ ప్రశ్న అడిగిన తండా పిల్ల కొడవలి తీసుకుంటే, అక్కడి ఆడవాళ్లు ఆగి చూశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు. మా అమ్మ దగ్గర అంది. కాలేజీలో ఊరి పేరు అడిగితే హైదరాబాదే అని చెప్పే పిల్ల, ఆ రోజు తండా పేరు గట్టిగా చెప్పింది.

మధ్యాహ్నం చోడి అంబలి పోశారు. మేము తైదలు అనేదే వాళ్లకు చోడి. ఒక కోదు అవ్వ, మా గోండు పిల్ల పక్కపక్కన కూర్చుని కువిలో ఇదేమంటారు, గోండిలో ఇదేమంటారు అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. రెండూ ద్రావిడ భాషలే. అది పుస్తకంలో చదివాం, అక్కడ విన్నాం.

ఆ రెండు ఊళ్ల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. వెళ్లాలనుకున్న హాస్టల్ వాళ్లు మమ్మల్ని అడగండి, తమ్ముడితో మాట్లాడిస్తాం. వాళ్లకు వీలైన రోజు వాళ్లు చెబుతారు.

వచ్చేటప్పుడు ఆ అవ్వ, మీ ఊరు మాకెప్పుడు చూపిస్తారని అడిగింది. ఈ శ్రావణంలో తీజ్‌కు రమ్మని పిలిచాం. నాట్లున్నాయి, ఇప్పుడు కదల్లేం, కోతలయ్యాక వస్తాం అన్నారు. వాళ్లొస్తే ఏ ఇంట్లో దించాలో ఆ తండా పిల్ల అప్పుడే వాళ్లమ్మతో మాట్లాడేసింది. పూలు పట్టుకుని నిలబడే పని మాత్రం ఈసారి మాది, వార్డెన్లది.

సెలవు. జై ఆదివాసీ.