చీనాదేశపు రక్షాపత్రములు
(ప్రసంగ పాఠము)

చంటిబిడ్డ మొలత్రాటికి గట్టిన తాయెత్తును చూడనివారు మన శ్రోతలలో ఉండరు. రేకుపై గీతలు గీసి, బీజాక్షరములు వ్రాసి, చుట్టచుట్టి దాచిన ఆ చిన్న గొట్టములో నేమున్నదని పెద్దల నడిగినచో, విప్పరాదు అనియే సమాధానము. చీనాదేశమున తావోమతమువారు వాడు రక్షాపత్రమును గూర్చి నేడు ముచ్చటింపదలచినాము. చూచుటకు అదియు ఇట్టిదే. పసుపుపచ్చని కాగితముపై ఇంగిలీకపు సిరాతో వ్రాసిన వంకర గీతలు, ముళ్లు, చుక్కలు, నడుమ నడుమ చీనాలిపి ఛాయలు. ఆ భాష చదువ నేర్చినవారికి సైతము ఆ వ్రాత చదువరాదు. అయినను దాని మూలమును వెదకుచు పోయినచో మనము చేరునది మంత్రగాని గుడిసె కాదు, రాజుగారి కచేరి.

ఈ పత్రమునకు చీనాభాషలో 'ఫూ' అని పేరు. ప్రాచీనకాలమున ఆ మాటకు అర్థము వేరు. వెదురుబద్దనో, కంచుబొమ్మనో రెండుగా చీల్చి ఇరువురును చెరియొక సగమును దాచుకొనెడివారు. పని పడినప్పుడు రెండు సగములను చేర్చి చూచెడివారు. అతికినచో మాట నిజము. ఆ ఆనవాలే ఫూ. రామచంద్రుని ఉంగరము చేతికి వచ్చిన పిదప గదా సీతమ్మకు మనసు కుదుటపడినది! అట్టిదే యిదియు. అయితే చీనావారు ఆ ఆనవాలును పాలనాయంత్రములో నొక మరగా బిగించిరి. సేనలను కదల్చుటకు పులి ఆకారముగల కంచు ఫూ ఉండెను. చిన్ రాజ్యపు పులి సగ మొకటి నేటి షియాన్ నగర ప్రాంతమున దొరకినది. దానిపై బంగారముతో పొదిగిన 40 అక్షరములు గలవు. కుడి సగము రాజు వద్దను, ఎడమ సగము తూ అను పట్టణమునను ఉండుననియు, 50 మందికి మించి సైనికులను కదల్చవలెనన్న రెండును సరిపోలవలెననియు, శత్రువు వచ్చెనని కొండలపై మంటలు లేచినప్పుడు మాత్రము ఆ నియమము వర్తింపదనియు వాని సారాంశము.

ఈ పులిని గూర్చి సుమా చియెన్ తన మహాచరిత్రలో ఒక కథ వ్రాసినాడు. క్రీ.పూ. 257లో చిన్ సేనలు చావో రాజధానియగు హాన్‌తాన్‌ను ముట్టడించియుండెను. పొరుగునున్న వే రాజు సాయముగా లక్ష సైన్యమును పంపియు, చిన్ రాజునకు వెరచి, దానిని దారిలోనే నిలిపివేసెను. వే రాజు తమ్ముడు శిన్‌లింగ్ ప్రభువు. అతని అక్క చావో రాజ్యపు కోడలు. ఏమి చేయుటకును తోచక యున్న ఆతనికి ముసలివాడగు కోటవాకిటి కావలివాడొకడు ఉపాయము చెప్పెను. పులి సగము రాజు పడకటింట నున్నది. రాజునకు ప్రియురాలగు జూ చీ దానిని తేగలదు. ఆమె తండ్రిని చంపినవానిని చంపించి పగ తీర్చినవాడవు నీవే గదా, అడుగుము, అనెను. ఆమె తెచ్చి యిచ్చెను. ప్రభువు దానిని గొని సేనాని కడకు పోగా, రెండు సగములును చక్కగా అతికినవి. అయినను ఆ సేనాని తల యెత్తి చూచి, ఒంటి బండిలో వచ్చిన ఈ మనిషికి లక్ష సైన్యము నెట్లు అప్పగింతునని సందేహించెను. ప్రభువు వెంట వచ్చిన కసాయి చేతి ఇనుపసుత్తి ఆ సందేహమును తీర్చినది. ముట్టడి విడినది.

పాపము, ఆ సేనాని అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆనవాలు నిజమైనదే, తెచ్చినవానికి అధికార మున్నదా? రాజ్యము నుండి మతమునకు ఫూ దాటిపోయినప్పుడు ఈ ప్రశ్నయు దానితోబాటు దాటినది.

దాటిన జాడలు క్రీ.శ. 2వ శతాబ్దిలో స్పష్టముగా కానవచ్చును. హాన్ వంశము నాటి సమాధులలో దొరకిన మట్టికుండలపై ఎర్రని వ్రాతలును, ఫూ గీతలును ఉన్నవి. అధోలోకపు అధికారులకు వ్రాసిన ఆ లేఖలు పలుచోట్ల ఒకే మాటతో ముగియును: శాసనప్రకారము జరుపవలసినది, అని దాని భావము. అది ప్రార్థన కాదు! హాన్ ప్రభుత్వపు గుమస్తాలు తాకీదుల చివర వ్రాసెడి పలుకుబడి. తావోమత పత్రములలో ఆ మాటకు ముందు 'త్వరగా, త్వరగా' అను మాటలు చేరినవి. పత్రము తలయందు తరచుగా 'రాజాజ్ఞ' అను అర్థముగల అక్షరములు నిలుచును. అనగా దయ్యమును బతిమాలుట లేదు. పైయధికారి పేర క్రిందియధికారికి ఉత్తరువు పోవుచున్నది. కాగితమును కాల్చినచో పొగ రూపమున ఆ ఉత్తరువు పైకి చేరునని నమ్మిక. ఆ బూడిదను నీట కలిపి రోగిచే త్రాగించుటయు గలదు. సంతకము లేని కాగితముపై ఒక్క రికార్డునైనను వేయజాలని రేడియో ఉద్యోగులమగు మాకు ఈ ఏర్పాటు మరీ వింతగా తోచదు.

సంతకము చేయు హక్కు ఎవరిది? 142లో దివ్యరూపుడైన లావోట్సే సెచువాన్ కొండలలో చాంగ్ తావోలింగ్‌నకు ప్రత్యక్షమై అధికార మొసగెనని సంప్రదాయము. ఆయన వంశీకులును అనుయాయులును జనులను 24 మండలములుగా విభజించిరి. దీక్ష పొందినవానికి ఒక పట్టిక యిత్తురు. అందు వాని ఆజ్ఞకు లోబడు దివ్యసేనానుల పేర్లుండును. బాలునకు ఒక్క సేనాని. పిదప 10, ఆపై 75, తుదకు 150. ఎవని పట్టికలో ఏ సేనాని యున్నాడో ఆతనికే వాడు ఉత్తరువు వ్రాయగలడు. పట్టిక లేనివాడు ఎంత అందముగా గీసినను అది దొంగిలించిన పులి వంటిదే.

ఈ ధోరణి పాలకులకు నచ్చకుండుటలో ఆశ్చర్యమేమి? 184లో చాంగ్ చుయే అను వేరొక గురువు ఫూ నీటితో రోగులను కుదుర్చుచు లక్షలమందిని కూడగట్టుకొని తిరుగుబాటు లేవదీసెను. వారి పచ్చని తలపాగాలనుబట్టి ఆ తిరుగుబాటునకు పేరు వచ్చినది. అతడు ఆ యేడే మరణించెను గాని హాన్ సింహాసనము మరల కుదురుకొనలేదు.

4వ శతాబ్దిలో కో హుంగ్ అను పండితుడు చేసిన ఫిర్యాదు మాకు మిక్కిలి ఇష్టము. తన కాలపు ఫూలు పనిచేయకుండుటకు తప్పు ప్రతులే కారణమట. పుస్తకమును మూడుమార్లు తిరుగవ్రాయగా 'చేప' అను అక్షరము వేరొక అక్షరముగను, 'శూన్యము' అనునది 'పులి'గను మారునను సామెతను ఆయన ఎత్తిచూపినాడు. టైపుప్రతులలో మా మాటలు పొందు అవతారముల నెరిగిన మాకు ఆయన బాధ తెలియును. 364 నుండి 370 వరకు యాంగ్ శీ అనునాతడు దేవతలు చెప్పగా వ్రాసికొనెనను పత్రములను, శతాబ్దము గడచిన పిదప తావో హుంగ్‌చింగ్ అనునాతడు సేకరించి, చేతివ్రాతను పరిశీలించి, ఏది అసలు, ఏది నకలు అని తేల్చెను. 400 ప్రాంతమున పుట్టిన లింగ్‌పావో శాఖవారు ఇంకను ముందునకు పోయిరి. ఫూలోని అక్షరములను మనిషి కల్పింపలేదనియు, భూమ్యాకాశములు ఏర్పడకముందే ఆదివాయువు తానై ఆ లిపిగా గడ్డకట్టెననియు వారి సిద్ధాంతము. మనకు వేదము శ్రుతి, వినబడినది. వారికి మూలము వ్రాత, కనబడినది. ధ్వనిని నమ్ముకొని బ్రదుకు మాకు ఈ భేదము ఆలోచింపదగినదిగా తోచును.

తరువాతి చరిత్రను త్వరగా దాటుదము. చాంగ్ వంశపు గురువులకు కియాంగ్‌సీలోని లుంగ్‌హూ పర్వతము పీఠమైనది. 1304లో మంగోలు చక్రవర్తి వారికి మూడు పర్వతముల ఫూలపై అధికార మిచ్చెను. 63వ గురువు 1949లో తైవాన్‌నకు పోయి 1969లో గతించెను. వారసత్వమునకై తగవు బయలుదేరినది. లుంగ్‌హూలో 1995లో స్వదేశపు తావో యాజకులకు పట్టికల ప్రదానము తిరిగి ఆరంభమైనది.

7వ శతాబ్దిలో కూర్చిన సుయ్ వంశచరిత్రలో ఈ దీక్షావిధి యొకటి వర్ణింపబడినది. శిష్యుడు కానుకలతోబాటు ఒక బంగారు ఉంగరమును తెచ్చును. గురువు పట్టిక నిచ్చి, ఆ ఉంగరమును రెండుగా ఖండించును. ఒప్పందమునకు గుర్తుగా చెరియొక సగమును ఉంచుకొందురు. శిష్యుడు ఆ పట్టికను ముడివేసి, ఒంటిపై ధరించి యింటికి పోవును.