వైద్యుని రెండు మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



శుక్రాచార్యుల కథ ఎల్లరకును తెలిసినదే. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచే త్రావించిరి. జరిగినది ఎఱిగిన శుక్రుడు తన పొరపాటును కప్పిపుచ్చుకొనక, సురాపానము మహాపాపమని నాటినుండి కట్టడి చేసెను. అంతటి విద్వాంసుడే మోసపోయినప్పుడు సామాన్యుని మాట చెప్పనేల? కాని శుక్రునకున్న ధైర్యము సామాన్యునకు లేదు. అతడు దాచును.

దగ్గుతో ఆరోగ్య కేంద్రమునకు వచ్చిన రోగిని “చుట్ట అలవాటున్నదా?” అని అడిగినచో, “ఎప్పుడైనా ఒకటి బాబూ!” అనును. రోజుకు పది కాల్చువాడును ఆ మాటయే చెప్పును. దీనికి కారణము సిగ్గు. చీవాట్లు పెట్టువారియొద్ద ఎవ్వడును సరియైన పద్దు చెప్పడు. పద్దు తప్పినచో వైద్యమును తప్పును.

వైద్యుని కొద్దిమాట ఎంత పనిచేయునో 1979లో ప్రకటింపబడిన లండను పరిశోధన తెలుపుచున్నది. మైకేల్ రస్సెల్ మొదలగువారు 28 మంది కుటుంబ వైద్యులయొద్దకు వచ్చిన 2,138 మంది సిగరెట్టు త్రాగువారిని పరిశీలించిరి. ఏ సలహాయు పొందనివారిలో మొదటి నెలలో మాని ఏడాది తరువాతను మానియున్నవారు నూటికి 0.3 వంతు మాత్రమే. వైద్యుడు ఒకటి రెండు నిమిషములు చెప్పి, చిన్న పత్రమొకటి ఇచ్చి, మరల విచారింతుమని తెలిపినవారిలో 5.1 వంతు నిలిచిరి. నూటికి ఐదుగురేనాయని తీసివేయరాదు. బ్రిటను వైద్యులందఱును ఇట్లు చేసినచో ఏటా 5 లక్షలకు మించి మానుదురని వారు లెక్కకట్టిరి. చిల్లర పద్దులు కూడియే మొత్తమగును.

మన శ్రీకాకుళము సీమలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగుట కలదు. అంగిటి పుండ్లకును, క్యాన్సరునకును అది దారితీయును. ఆ జిల్లాతోపాటు కేరళ, గుజరాతులలోని గ్రామములయందు 36,000 మందికి పైగా పొగాకు వాడువారి నోళ్లను పరీక్షించి, ఏటేటా బోధించిరి. బోధ పొందినవారిలో మానినవారు అధికమైరని 1986లో ప్రకటించిరి.

కావున వైద్యుడు ప్రతి రోగిని తిరస్కారము లేక అడుగవలెను. మానుమని స్పష్టముగా చెప్పవలెను. మానుటకొక దినము నిర్ణయింపజేసి, మరల రమ్మనవలెను. రోగి తాను కాల్చిన ప్రతి చుట్టను, త్రాగిన ప్రతి గ్లాసును చిన్న పుస్తకములో గీతలు గీసి లెక్కింపవలెను. చుట్టలు సగము తగ్గించినవాడు మిగిలినవానిని గట్టిగా పీల్చుట కలదు గనుక, తగ్గించుట మెట్టే కాని గమ్యము కాదు.

మద్యము విషయమున మఱియొక జాగ్రత్త అవసరము. ఏండ్లతరబడి దినదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయమైనను రావచ్చును. అట్టివానిని ఇంట కట్టిపెట్టరాదు. వైద్యుని కనిపెట్టుబడిలోనే మాన్పింపవలెను.

మాని మరల మొదలిడినవానిని చూచి నవ్వరాదు. పలుమార్లు ప్రయత్నించిన పిమ్మటనే అనేకులు విజయము పొందుదురు. ఇచ్చటి పాఠకులు వారమునకొక పుస్తకము ఇంటికి కొనిపోవుచున్నారు. తమ ఇంటివానిని, ఇరుగుపొరుగువానిని ఒకమారు వైద్యునియొద్దకు తోడ్కొనిపోయినచో, చదివిన చదువు సార్థకమగును.

స్వస్తి.